ముప్పై ఒకటో మెట్టు

తిరుపతి,
12-11-1978

అన్న మునిరామయ్యకు పంకజాక్షి రాసేది.

నాయన మోకాళ్లు తప్ప ఇక్కడ అందరం బాగున్నాం.

నిన్న మన ఊరి నుంచి పెద్దమనిషి ఏకాంబరం వచ్చాడు. నాలుగేళ్లుగా ఆగిపోయిన భారతం ఉత్సవాన్ని వచ్చే వైశాఖంలో జరుపుతారట. అర్జునుడి వేషం కట్టి తపస్సు మాను ఎక్కడానికి ధనంజయ ఒప్పుకున్నాడట. వాడికి గొంతు ఉంది, ధైర్యం ఉంది. లేనివి పద్యాలు. ఆ పొడుగాటి మానుకు కొట్టిన నలభై అయిదు మెట్లకు, మెట్టుకొకటి చొప్పున నలభై అయిదు. అవి నాయన నోట్లో తప్ప లోకంలో ఇంకెక్కడా లేవు. పుస్తకంలో పెట్టనిచ్చాడా ఎప్పుడైనా?

"పిల్లోన్ని నా దగ్గరికి పంపీ ఏకాంబరం. మూడేండ్లు కూసోబెట్టి నేర్పిస్తా," అన్నాడు నాయన.

"మూడేండ్లు యాడుండాయి గురప్పన్నా? ఉండేది ఆరు నెల్లు. ఉగాదికి పద్యాలు మా చేతికి రాకపోతే వేరే మేళాన్ని పిలుస్తాం. వాళ్ల పాట వాళ్లు పాడుకుంటారు."

"పిలుసుకోండప్పా, నాదేం పోయింది," అన్నాడు నాయన. ఏకాంబరం వెళ్లాక అన్నం ముందు కూర్చుని, కలిపి, అలాగే లేచిపోయాడు. ఈ పొద్దున తానే పిలిచి, "కాగితం తీసుకోని రా పాపా," అన్నాడు.

తెచ్చాను. మొదలుపెట్టాడు. "నిదానం నాయనా," అన్నాను. అంతే, తెగిపోయింది. ఒకసారి తెగితే ఆయన మళ్లీ మొదటి నుంచి అందుకోవాలి. నాలుగుసార్లు అందుకున్నాడు. చివరికి నాకు దక్కింది ఈ రెండు పాదాలు.

మెట్టు మెట్టెక్కితి మిన్ను చేరంగ
గట్టుల దొర నన్ను గావ రావయ్య

"నువ్వు రాసే లోపల అర్జునుడు ముసిలోడైపోతాడు," అని విసుక్కుని లేచిపోయాడు.

అన్నా, నువ్వు రోజూ రాసేవాడివి. మండీలో బెల్లం తూకాలు రాస్తావు. ఇంటికి వచ్చి ఆ రోజు వాన పడిందా లేదా, ఇంటికి ఎవరు వచ్చారు, ఏం కూర తిన్నావు, అన్నీ నోటుబుక్కులో రాస్తావు. నువ్వు వచ్చి రాసుకో.

పంకజాక్షి


చిత్తూరు,
17-11-1978

చెల్లెలు పంకజాక్షికి,

ఉత్తరం అందింది. ఇక్కడ క్షేమం. రెండు రోజులుగా తుంపర.

నువ్వు చెప్పిన పని నాకు చేతకాదు. నిన్న పొద్దున రేడియోలో వార్తలు పెట్టుకుని రాసి చూశాను. పది నిమిషాల్లో తొంభై ఒక్క మాటలు. అంటే నిమిషానికి తొమ్మిది. నాయన ఒక్కో మెట్టుకు దాదాపు ఎనిమిది మాటలు పాడతాడు. గుక్క తిప్పుకోవడంతో కలిపి ఇరవై సెకన్లు. ఆ వేగం అందుకోవాలంటే నిమిషానికి ఇరవై నాలుగు మాటలు రాయాలి.

నేను అక్షరాలు నేర్చుకున్నది ఇరవై ఏడో ఏట, బెల్లం బుట్టల మీది పేర్లు చూసి. అలా నేర్చుకున్న చేయి గుండ్రంగా రాస్తుంది కాని పరుగెత్తదు. ఇంకెవరినైనా చూడండి.

అదీకాక, రాసేది నేనంటే నాయన నోరు విప్పడు.

మునిరామయ్య

తా.క. నిన్న వంద పేజీల నోటుబుక్కు ఒకటి కొన్నాను. వేరే పనికి కూడా పనికివస్తుంది.


తిరుపతి,
24-11-1978

అన్నా,

చేతకాదని చెప్పడానికి సెకన్లతో సహా లెక్క వేసినవాడిని నిన్నే చూశాను.

"వాడు ఏమని రాసినాడు?" అని నాయన అడిగాడు. "సరే అన్నాడు," అన్నాను. అబద్ధం ఆడింది నేను. దాన్ని నిజం చేయాల్సింది నువ్వు.

పాత సంగతి నువ్వు ఎత్తవు కాబట్టి నేనే ఎత్తుతాను. పదహారేళ్ల వయసులో నీకు వేషం కట్టి నాయన మాను ఎక్కించాడు. ముప్పై పద్యాలు పాడావు. ముప్పై ఒకటో మెట్టు మీద గొంతు ఆగిపోయి కిందికి దిగావు. కొన నుంచి అర్జునుడు విసిరే నిమ్మకాయల కోసం కొంగులు పట్టుకుని నిలబడినవాళ్లంతా చూశారు. నీ తలమీది కిరీటం తీసి తాను పెట్టుకుని, నాయన మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కాడు. ఆ తర్వాత మీ ఇద్దరూ "వచ్చినావా", "పోతావా" అనే రెండు మాటలతో ముప్పై ఏళ్లు నెట్టుకొచ్చారు.

నన్ను బడికి పంపాడు, ఆడపిల్ల మాను ఎక్కేది లేదు కదా అని. నిన్ను పంపలేదు, రాత వచ్చినవాడి నోట్లో పద్యం నిలవదని. ఆ పద్యమూ నీకు మిగల్లేదు, చదువూ అందలేదు. అన్యాయమే. కానీ ఆ మనిషే ఇప్పుడు తనంతట తాను కాగితం తెమ్మన్నాడు. అది చిన్న మాటా అన్నా?

కొన్న నోటుబుక్కు వేరే పనికి వాడకు.

పంకజాక్షి


చిత్తూరు,
20-12-1978

చెల్లెలు పంకజాక్షికి,

రోజూ పొద్దున వార్తలు రాస్తున్నాను, సాయంత్రం ఇంకో అరగంట. ఇప్పటికి ముప్పై రెండు రోజుల్లో ఒక్క రోజు తప్పింది. ఆ రోజు రేడియో బ్యాటరీ అయిపోయింది.

పదకొండు మాటల దాకా త్వరగానే వచ్చింది. పదమూడు దగ్గర పది రోజులు కదల్లేదు. తర్వాత మాట చివరి అక్షరాలు వదిలేసి, వార్తలు అయ్యాక పూరించుకోవడం మొదలుపెట్టాను. పద్నాలుగు అయింది.

వార్తలు చదివే ఆయనది ఎప్పుడూ ఒకే వేగం. ఇంకొకరి మాట కావాలి, ఎవరిని అడగాలా అనుకుంటూ ఉండగా, కిరసనాయిలు తేలేదని మీ వదిన దేవకమ్మ తిట్టడం మొదలుపెట్టింది. నేను రాసుకుంటూ పోయాను.

"ఏందబ్బా, నేను గొంతు సించుకుంటా ఉంటే తల కూడా ఎత్తవే!" అంది. అదీ రాశాను.

"ఏం రాస్తా ఉండావు? సదువు."

చదివాను. తన తిట్లు తనకే వినిపించేసరికి నవ్వు ఆపుకోలేక గోడకు ఆనుకుంది. ఇప్పుడు సాయంత్రం పని ముగించుకుని తానే వచ్చి ఎదురుగా కూర్చుంటోంది. "ఈపొద్దు ఎవర్ని తిట్టమంటావు?" అని అడుగుతుంది. ఎదురింటి అక్కమ్మతో మొదలుపెట్టి, పాలాయన మీదుగా నా దగ్గరికి వస్తుంది. నా వంతు వచ్చేసరికి వేగం పెరుగుతుంది. నిన్న ఆ వంతులో నిమిషానికి పదహారు మాటలు అందుకున్నాను.

నాయన మోకాళ్లకు నువ్వుల నూనె కాచి పట్టించు. కర్పూరం వెయ్యి.

మునిరామయ్య


తిరుపతి,
9-1-1979

అన్నా,

నీ ఉత్తరం నాయనకు చదివి వినిపించాను. వదిన తిట్లు ఉన్నచోట రెండుసార్లు చదివించుకున్నాడు. "పిల్ల గెట్టిది," అన్నాడు. వదినకు నలభై ఏళ్లు దాటాయని నేను గుర్తు చేయలేదు.

ఇప్పుడు అసలు చిక్కు విను. నాయన కూర్చుని చెబితే ఏడో పద్యం తర్వాత పన్నెండోది వస్తోంది. మళ్లీ చెప్పమంటే ఏడు తర్వాత ఇరవై. వయసు మీద పడింది, ఇక రాదేమో అని నేను లోపలికి పోయి ఏడ్చాను కూడా.

మొన్న వడియాలు ఎండబెట్టడానికి మిద్దె మీదికి పోతున్నాను. చేట పట్టుకుని వెనకే వచ్చాడు నాయన. వస్తూ ఊరికే గొణుగుతున్నాడు. చెవి పెట్టి విన్నాను. మొదటి మెట్టుకు మొదటి పద్యం, రెండో మెట్టుకు రెండోది. ఏడు తర్వాత ఎనిమిదే వచ్చింది! మా మిద్దెకు మెట్లు పద్నాలుగు. పద్నాలుగు పద్యాలు గింజ రాలకుండా వచ్చాయి. మిద్దె మీద అడుగు పెట్టగానే ఆగిపోయింది. కిందికి దిగి మళ్లీ ఎక్కితే మళ్లీ మొదటిదే.

కాలు లేస్తేనే పద్యం లేస్తుంది ఆయనకు. నలభై ఏళ్లు మాను మీద పాడిన పద్యాలు, నేల మీద కూర్చోబెట్టి అడిగితే ఎలా వస్తాయి?

కాబట్టి ఒక్క బిగిన నలభై అయిదు మెట్లు కావాలి. మాను ఎక్కించలేం. అలిపిరి మెట్లు ఉన్నాయి కదా! ఊళ్లూ రాష్ట్రాలూ దాటి వచ్చినవాళ్లు వేలకొద్దీ ఎక్కే మెట్లు. నాయన నలభై అయిదు ఎక్కలేడా? ఎక్కుతానంటున్నాడు. ఆయన పక్కన ఎక్కుతూ నువ్వు రాయాలి. కూర్చుని రాయడం కుదరదు.

ఇంకొక సంగతి కూడా ఉంది. చెప్పనని మాట ఇచ్చాను కాబట్టి చెప్పను.

పంకజాక్షి


చిత్తూరు,
22-2-1979

చెల్లెలు పంకజాక్షికి,

కూర్చుని రాసే చేయి వేరు, నడుస్తూ రాసే చేయి వేరు. మెట్ల మీద మొదటి రోజు ఏడు మాటలకు పడిపోయాను. సిరా చొక్కా మీద ఎక్కువ, కాగితం మీద తక్కువ. మరునాటి నుంచి పెన్సిలు పట్టాను. కాగితం ఆనించుకోవడానికి ఒక చెక్క పలకకు రెండు చిల్లులు పొడిచి, తాడు కట్టి మెడలో వేసుకున్నాను. మండీ మిద్దెకు ఇరవై రెండు మెట్లు. మధ్యాహ్నం భోజనాల వేళ అక్కడ ఎక్కి దిగుతున్నాను.

మెడలో పలక చూసి, మూటలు మోసే చిన్నబ్బ కేకేశాడు. "మునిరామన్నా, పీలేరుకు ఒక టికెట్టు కొట్టు!"

మండీ అంతా నవ్వింది. "నిలబడుకోని పోవాల, సీట్లు లేవు," అన్నాను. నేను ఎదురు మాట ఆడడం వాళ్లు ఎప్పుడూ వినలేదు. ఇంకా ఎక్కువ నవ్వారు. ఇప్పుడు చిన్నబ్బే ముందు మెట్లు ఎక్కుతూ నోటికి వచ్చింది పాడుతాడు, నేను వెనక రాసుకుంటూ పోతాను. వాడి పాటల్లో సగం నీకు చదివి వినిపించదగినవి కావు.

ఈ నెల మొదట్లో పదిహేడు దగ్గర చిక్కుకున్నాను. రోజూ పదిహేడే. ఒక రోజు పదిహేను. నా వల్ల కాదని నీకు ఉత్తరం కూడా రాశాను. అది నోటుబుక్కులోనే ఉండిపోయింది. తర్వాత గమనించాను. ప్రతి మాట రాశాక నా కన్ను వెనక్కి పోయి, సరిగా రాశానా లేదా అని చూసుకుంటోంది. తనంతట తాను నేర్చుకున్నవాడి అలవాటు అది. తప్పు ఉంటే ఎవరైనా నవ్వుతారని. పోయిన వారం బుధవారం నుంచి వెనక్కి చూడడం మానేశాను. అక్షరాలు వంకరగా వస్తున్నాయి కాని చదవడానికి వీలుగానే ఉన్నాయి. ఇరవై ఒకటి అయింది. నిన్న ఇరవై నాలుగు. ఈ రోజు ఇరవై ఆరు.

కింద రాసేది నాయనకు చదవవద్దు.

ఆ రోజు మాను మీద పద్యం మరిచిపోయి ఆగిపోయానని అందరూ అనుకున్నారు. నేనూ అదే చెప్పాను. నిజం అది కాదు. ముప్పై ఒకటో మెట్టు మీద కిందికి చూశాను. అమ్మ చీర ఎర్రటి చుక్కలా కనిపించింది. చేతులు బిగుసుకుపోయాయి. మరిచిపోయి ఆగలేదు, ఆగాక మరిచిపోయాను. దిగేసరికి పాడిన ముప్పై కూడా లేవు. ఎన్నిసార్లు వెతుక్కున్నా ఒక్కటీ రాలేదు. మొదటి ఉత్తరంలో నువ్వు రాసి పంపిన రెండు పాదాలు చూసినప్పుడు కూడా, ఎవరివో కొత్తవి చదివినట్టే ఉంది.

అలిపిరిలో కూడా అలాగే చేయి ఆగిపోతే ఏం చేయాలి అన్నది ఒక్కటే నా దిగులు. ఆగితే నాయనకు తెగిపోతుంది. ఆయన మోకాళ్లకు రెండోసారి ఎక్కే శక్తి లేదు.

మునిరామయ్య


తిరుపతి,
3-3-1979

అన్నా,

చదవవద్దన్నది చదవలేదు. నాకు రాసినందుకు మాత్రం సంతోషం.

పదో తేదీ శనివారం సాయంత్రానికి వచ్చేయి. ఆదివారం పొద్దున ఎండ ఎక్కకముందే అలిపిరికి. ఉగాది ఇంకా ఇరవై అయిదు రోజులే ఉందని ఏకాంబరం కార్డు రాశాడు.

నేనూ వస్తానంటే నాయన ఒప్పుకోలేదు. "నువ్వు రావద్దు పాపా. మేమిద్దరం పోతాం," అన్నాడు. "మేమిద్దరం" అనే మాట ఆ నోటి నుంచి వినడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది, అందుకని వాదించలేదు.

నిన్న ఎవరికీ చెప్పకుండా బజారుకు పోయి పది పెన్సిళ్లు తెచ్చాడు. అరుగు మీద కూర్చుని కత్తితో ఒక్కోదాన్ని ముల్లులా చెక్కాడు. చూసి, ఊది, పక్కన పేర్చుకున్నాడు. రాతంటే గిట్టని మనిషి! నేను నిలబడి చూస్తుంటే, "ఏంది సూస్తావు? మధ్యలో ములుకు ఇరిగితే వాడు యాడ సెక్కుకుంటా కూసుంటాడు?" అని నన్ను కసిరాడు.

పంకజాక్షి


చిత్తూరు,
13-3-1979

పంకజా,

ఆదివారం తిరిగి వచ్చాక నువ్వు ఎన్నిసార్లు అడిగినా ఇద్దరం చెప్పలేదు. నాయన ఆకలి అన్నాడు, నేను బస్సు అన్నాను. నోటితో చెప్పడం నాకు రాదు. రాసి చెబుతున్నాను.

మొదటి మెట్టుకు మొక్కి నాయన కాలు పెట్టాడు. మా ముందు ఒకామె మెట్టు మెట్టుకూ పసుపు రాసి కుంకుమ పెడుతూ వంగి వంగి పోతోంది. నాయన పాట ఎత్తుకున్నాడు. నా పెన్సిలు కదిలింది. పద్యం అయింది. నేను ఆగాను. నాయన ఇంకా రెండో మెట్టు మీద కాలు పెట్టలేదు. పెట్టాక కూడా నిలబడి, ఊపిరి తీసుకుని, ఒక్కో మాటను సాగదీసి పాడుతున్నాడు. నాయన అలా పాడడం నేనెప్పుడూ వినలేదు. మోకాళ్లు నొప్పి కాబోలు అనుకున్నాను.

అయిదో మెట్టు మీద పక్కకు తిరిగి చూశాడు.

"ఏమిరా, రాయకుండా నిలబడుకోని ఉండావు?"

మధ్యలో మాట్లాడాడు కదా, ఇక తెగిపోతుందని భయపడ్డాను.

"రాసేసినాను నాయనా."

"అప్పుడేనా?" పలక మీదికి వంగి చూశాడు, చదవను వచ్చినవాడిలాగా. "అంతానా?"

"అంతా."

"మరి నేనెందుకురా ఇంతసేపు ఈడ్సుకుంటా ఉండాను!" అని ఆరో మెట్టు మీద కాలు వేశాడు. కాలు పడగానే ఆరో పద్యం, అసలు వేగంతో వచ్చింది. పసుపు పెట్టే ఆమెను దాటి పోయాం. వెనక వచ్చేవాళ్లు ఇదేదో భజన అనుకుని, ప్రతి పద్యం చివర "గోవిందా" అని అందుకున్నారు. శివుడి పద్యాలకు గోవింద పలికింది. నాయన వద్దనలేదు. పంతొమ్మిదో మెట్టు మీద ములుకు విరిగింది. రెండో పెన్సిలు తీశాను.

ముప్పై ఒకటో మెట్టు మీద కాలు పెట్టాడు. గొంతు రాలేదు.

నా భుజం పట్టుకున్నాడు. "పోయిందిరా," అన్నాడు మెల్లగా. "ముప్పై ఒకటి... పోయింది."

నేను ఆయన ముఖం చూడలేదు. పలక చూస్తున్నాను. పెన్సిలు ఆగలేదు పంకజా. ఆయన నోరు ఆగింది కాని నా చేయి ఆగడం మరిచిపోయింది. ఇన్ని రోజులు వెనక్కి చూడకుండా రాయడం నేర్పించాను కదా, అది అలాగే ముందుకు పోయింది. రెండు పాదాలు కాగితం మీద ఉన్నాయి.

కింద జూచిన నేల గీతగా దోచె
అందె నీ చూపు నాకదియె చాలయ్య

చదివి వినిపిద్దామని నోరు తెరిచాను. రాగంతో వచ్చింది. చివరి దాకా పాడాను. వెనక ఎవరో గోవిందా అన్నారు.

భుజం మీది చేయి తీయకుండానే నాయన ముప్పై రెండో మెట్టు మీద కాలు పెట్టాడు. ముప్పై రెండో పద్యం అందుకున్నాడు. ఇక నలభై అయిదు దాకా ఎక్కడా ఆగలేదు.

పైన కూర్చుని, ఊపిరి కుదిరాక, నన్ను చూసి నవ్వాడు. "ముప్పై ఏండ్లు యాడ దాసిపెట్టినావురా దొంగా?"

"నాకూ తెలీదు నాయనా."

నువ్వు కట్టిచ్చిన పులిహోర తిన్నాం. నాయన ఏదో చెప్పాడు, నేనూ చెప్పాను. బెల్లం సంగతులు, చిన్నబ్బ పాటల సంగతి. అవి మొత్తం ఎన్ని మాటలో లెక్క పెట్టలేదు.

నిన్న సాపు ప్రతి రాసి ధనంజయకు ఇచ్చాను. ఆదివారం నిమిషానికి ఎన్ని మాటలు రాశానో నోటుబుక్కులో ఎక్కించడం మరిచిపోయాను. బ్యాటరీ అయిపోయిన రోజు తర్వాత అందులో అది రెండో ఖాళీ. దాన్ని అలాగే ఉంచుతున్నాను.

మునిరామయ్య


తిరుపతి,
20-4-1979

మునిరామయ్యకు మీ నాయన గురప్ప చెప్పి రాయించేది. చెయ్యి పంకజాక్షిది, మాటలు నావి. నా మాట నేనన్నట్టే రాయమని చెప్పినాను.

ధనంజయ వచ్చి నలభై అయిదూ అప్పజెప్పి పోయినాడు. గొంతు బాగుండాది. నీ అక్షరం ముత్యాల మాదిరి ఉండాదని ఏకాంబరం అన్నాడు. నాకేం తెలుసు, నాకు గీతలే కనపడేది. అయినా ఆ పుస్తకం ఒకసారి పట్టుకోని చూసినాను.

మీ చెల్లెలు నీకు ఒక సంగతి చెప్పలా. చెప్పద్దని ఒట్టు పెట్టించుకునింది నేనే. నువ్వు బిరీన రాసేది నేర్చుకుంటా ఉండావని తెలిసినాక, ఈడ నేను నిదానం నేర్చుకుంటిని. రోజూ పొద్దున మిద్దె మెట్లు ఎక్కేది, మెట్టు మీద నిలబడుకోని పది ఎంచేది, మళ్లా ఎక్కేది. రెండు నెలలు ఒక్క పొద్దు తప్పలా. వేగం నీకు కష్టమే అయి ఉంటాది. అరవై ఏండ్లు పరిగెత్తిన నోటికి నిదానం ఇంకా కష్టం. ఇంత జేసి, ఆడ ఐదు మెట్లకే అది దేనికీ పనికిరాకుండా పాయ. పోనీ.

ఇంకొక ముక్క. ముప్పై ఒకటో మెట్టు కాడ అందరూ కిందికి చూస్తారు. మా నాయన చూసినాడు. నేను ఎక్కిన ప్రతి ఏడూ చూసినాను. అందుకే ఆ పద్యం ఆ మెట్టుకు పెట్టినారు. చూసేది తప్పు గాదు. చూసినాక పాడాల, అంతే. ఆ పొద్దు నువ్వు చూసేది కింద నుంచి నేను కనిపెట్టినాను. ముందే చెప్తే భయపడతావని ఆ ముక్క నీకు చెప్పకుండా ఎక్కించినాను. తప్పు నాది. నీది గాదు.

ధనంజయకు ముందే చెప్పినాను. వైశాఖంలో వాడు ఎక్కేటప్పుడు నువ్వు మాను మొదట్లో నిలబడాల. వాడు కిందికి చూస్తే నువ్వు కనపడాల. పుస్తకం తేవద్దు. దేవకమ్మను తీసుకోని రా, కొంగు పట్టుకోమను, నిమ్మకాయ పడతాది.

ఈ ఉత్తరం నేను నిదానంగానే చెప్పినాను. అయినా పాప ఏడుసార్లు ఆగమనింది. దేవకమ్మను నాలుగు రోజులు ముందుగానే ఈడికి పంపీ. ఆమె తిడతా ఉంటే ఈమె రాసుకుంటాది.